వేల్సు దేశపు భాషాపాఠము

ఐరోపాఖండమున నేడు ‘మన మెవరము?’ అను ప్రశ్న పెక్కు దేశములలో వినవచ్చుచున్నది. వలసలును, ఆంగ్లభాషావ్యాప్తియు, పల్లెలు పలుచబడుటయు దీనికి కారణములు. పెద్ద రాజ్యముల వాదోపవాదములకంటె ముప్పదియొక లక్షల జనులుగల వేల్సు అనుభవము మనకు ఎక్కువ బోధింపగలదు.

బ్రిటను పశ్చిమభాగమున నున్న ఈ దేశపు భాష వెల్షు. అది ఆంగ్లమునకు మాండలికము కాదు. కెల్టికు కుటుంబమునకు చెందిన ప్రాచీనభాష. న్యాయస్థానములలో ఆంగ్లమే వాడవలెననియు, ఆంగ్లము రానివారికి ఉద్యోగము లేదనియు 1536లో శాసనము వచ్చెను. అయినను 1588లో బిషప్ విలియం మోర్గన్ బైబిలును వెల్షులో వెలువరించుటచే ప్రార్థనాలయములు ఆ భాషకు ఆశ్రయమైనవి. 1847లో విద్యాస్థితిని విచారించిన ముగ్గురు అధికారులలో ఒక్కరికిని వెల్షు రాదు. ప్రజల వెనుకబాటునకు ఆ భాషయే కారణమని వారు నివేదించిరి. ఆ శతాబ్దమున కొన్ని బడులలో వెల్షు మాటాడిన బాలుని మెడలో కొయ్యముక్క వ్రేలాడదీసెడివారు. మరియొకడు పట్టుబడినచో అది వాని మెడకు మారును. సాయంకాలమునకు ఎవని మెడలో నున్న వానికి శిక్ష.

దోషమంతయు పాలకులదే యనుట మాత్రము అర్ధసత్యము. బొగ్గుగనులు వేలకొలది ఆంగ్లభాషీయులను రప్పించినవి. ఆంగ్లము వచ్చినగాని బిడ్డకు బ్రతుకుతెరువు లేదని తల్లిదండ్రులే తలచిరి. 1901లో సుమారు సగముమందికి వచ్చిన భాష 1961 నాటికి నాలుగవవంతు జనులకు పరిమితమయ్యెను.

అప్పుడు మేల్కొలుపు కలిగెను. 1962లో సాండర్సు లూయిసు భాషాభవితవ్యమునుగూర్చి చేసిన రేడియో ప్రసంగము యువకులను కదలించెను. 1965లో లివర్పూలు నగరపు నీటికొరకు కాపెల్ కెలిన్ అను వెల్షు గ్రామము బడితో, శ్మశానముతోసహా జలమయమయ్యెను. ఆ పథకమునకు వేల్సు పార్లమెంటు సభ్యులలో ఒక్కరును అనుకూలముగా ఓటు వేయలేదు. వెల్షు టెలివిజనునుగూర్చిన వాగ్దానమును ప్రభుత్వము తప్పగా, 1980లో గ్విన్ఫర్ ఎవాన్సు ఆమరణనిరాహారదీక్షకు సిద్ధపడెను. పొట్టి శ్రీరాములుగారి నెరిగిన మనకు అందలి తీవ్రత వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చట ప్రభుత్వము దీక్షకు ముందే దిగివచ్చెను. 1982లో ప్రసారములు మొదలయ్యెను. 2011 నాటి శాసనము వెల్షునకు అధికారభాషాస్థాన మొసగెను. ప్రభుత్వపాఠశాలలలో పదునారేండ్లవరకు అందరును దానిని చదువుదురు. వలసవచ్చినవారి బిడ్డలును నేర్చుచున్నందున, భాష రక్తసంబంధమును మించిన బంధమగుచున్నది.

ఇంత జరిగినను 2011లో నూటికి 19.0గా నున్న వెల్షు వచ్చినవారి సంఖ్య 2021 జనగణనములో 17.8కి తగ్గెను. ముఖ్యముగా తగ్గినది మూడునుండి పదునైదేండ్ల పిల్లలలోనే! 2050 నాటికి పదిలక్షలమందిని సాధింతుమని 2017లో ప్రభుత్వము ప్రకటించియున్నది; 2021లో ఉన్నది 5,38,300 మంది.

ఒకనాడు భాషను శిక్షించిన బడినే నేడు దానిని బ్రతికింపుమని కోరుచున్నారు. బడి వ్యాకరణము నేర్పగలదు, పరీక్ష పెట్టగలదు. అలుగుటకు, నవ్వుటకు, అన్నమడుగుటకు ఆ భాష కావలెనన్నచో ఇల్లును వీధియు తోడ్పడవలెను. వేల్సు భవిష్యత్తు శాసనసభలో కంటె ఆటస్థలములలో ఎక్కువగా తేలును. ఉపాధ్యాయులు తమ పాఠశాలలోను విరామపు గంట మ్రోగినపిమ్మట పిల్లలు ఏ భాషలో కేకలు వేయుచున్నారో ఒకసారి చెవియొగ్గి వినవలెను.