రచనా సమయంలో సంగీతం

ప్రతి సంవత్సరం ఈ సంచికకు రచనలు ఆహ్వానించిన మరునాటి నుండి తెలుగు శాఖ గది ముందు కొందరు విద్యార్థులు వచ్చి నిలబడతారు. "కథ ఎన్ని పేజీలుండాలి సార్?", "వచన కవిత ఇవ్వవచ్చునా సార్?" అన్నవి వారు వాడుకగా వేసే ప్రశ్నలు. ఈ యేడు ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకరు కొత్త ప్రశ్న వేసింది. "సార్, చెవిలో పాట లేకపోతే నాకు ఒక్క వాక్యం కూడా రాదు. ఇది తప్పా?"

"తప్పేమీ లేదమ్మా, ఎవరి అలవాటు వారిది" అని చెప్పి పంపివేశాము. అది సులువైన సమాధానమే గాని నిజాయితీ గల సమాధానం కాదు. ఎందుచేతనంటే ఆ అలవాటు మాకూ ఉండేది. దానివల్ల మేము ఒకసారి నష్టపోయాము కూడా. కనుక ఆమెకు మేము బాకీపడిన సమాధానాన్ని ఇక్కడ చెల్లించే ప్రయత్నం చేస్తున్నాము.

ముందుగా సంగీతం పక్షాన చెప్పదగిన మాటలు చెప్పుకోవాలి. మన విద్యార్థులలో అనేకులు హాస్టలు గదులలో నలుగురైదుగురితో కలిసి ఉంటారు. ఇండ్లలో ఉండేవారికీ ప్రత్యేకమైన గది అనేది చాలామందికి లేదు. ఒకవైపు టెలివిజను, మరొకవైపు చిన్నపిల్లల గోల, వీధిలో వాహనాల రొద. అటువంటి చోట చెవిలో పెట్టుకున్న పాట ఒక తెర వంటిది. దానిని విలాసమనడం అన్యాయం. పైగా పాట మనస్సును ఉల్లాసపరుస్తుంది. ఉల్లాసంగా ఉన్న మనస్సుకు ఊహలు త్వరగా తోస్తాయి. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో రిటర్, ఫెర్గూసన్ అనే శాస్త్రజ్ఞులు కొందరికి వివాల్డి రచించిన వసంత ఋతు సంగీతం వంటి హుషారైన వాద్య సంగీతం వినిపిస్తూ, ఒకే వస్తువుకు ఎన్ని రకాల ఉపయోగాలు ఊహించగలరో చెప్పమన్నారు. నిశ్శబ్దంలో కూర్చున్నవారి కంటె వీరికి ఎక్కువ ఊహలు తోచాయి. దీనిని కాదనడానికి లేదు.

పనికీ పాటకూ ఉన్న పొత్తు మన జాతికి క్రొత్తదీ కాదు. తిరుగలి విసిరినా, నాట్లు వేసినా, బరువులు లాగినా మనవారు పాడుకుంటూనే చేశారు. మా అబ్బాజాన్ దర్జీ. ఆయన దుకాణంలో కుట్టుమిషను ప్రక్కనే ఒక పాత రేడియో ఉండేది. ఉదయం దుకాణం తెరవగానే వివిధభారతి పెట్టేవారు. మిషను తొక్కుతూ పాట వింటూ ఆయన పండుగ రోజులలో అర్ధరాత్రి దాకా కుట్టేవారు. మేము ఆ రేడియో క్రిందనే కూర్చుని ఎక్కాలు వల్లించాము. బహుశా చెవిలో పాట లేకుండా వ్రాయలేని అలవాటు మాకు అక్కడనే అంటుకొని ఉంటుంది.

అయితే విసరడం, నాటడం, కుట్టడం వేరు, వ్రాయడం వేరు. ఆ పనులలో చేతులకు పని, నోటికి పాట. రెండింటికీ తగవు లేదు. రచనలో అట్లా కాదు. మనం కాగితం మీద పెట్టే ప్రతి వాక్యాన్నీ ముందుగా లోపల ఒక గొంతు పలికి చూస్తుంది. చెవిలో పడే పాట కూడా మాటలతోనే వస్తుంది. ఒకే వాకిట్లో ఇద్దరు ఒకేసారి దూరబోయినట్లు రెండు మాటల ప్రవాహాలు అక్కడ త్రోసుకుంటాయి.

ఇది మా ఊహ మాత్రమే కాదు. 1989లో సలామే, బ్యాడ్లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కంటికి వరుసగా అంకెలు చూపించి, వాటిని జ్ఞాపకముంచుకొమ్మని, వెనుక సంగీతం వినిపించారు. వాద్య సంగీతం కంటె గాత్ర సంగీతం జ్ఞాపకాన్ని ఎక్కువగా చెదరగొట్టినట్లు తేలింది. "నేను వినేది కొరియా పాటలు సార్, ఒక్క ముక్క అర్థం కాదు, ఇక అడ్డమేముంది?" అనే విద్యార్థులు కూడా మాకు తెలుసు. వారికీ సమాధానమున్నది. అంతకు పూర్వమే, 1976లో, కోల్, వెల్ష్ అనేవారు తమ ప్రయోగంలో వినేవారికి బొత్తిగా తెలియని జర్మను భాషలో చదివి వినిపించారు. ఆ తెలియని మాటలు కూడా జ్ఞాపకాన్ని దెబ్బతీశాయి. అనగా మాటకు అర్థం తెలియకపోయినా, అది మనిషి పలికిన మాట అన్నంత మాత్రాననే లోపలి గొంతు దానివైపు తిరుగుతున్నదన్నమాట.

వ్రాయడాన్నే నేరుగా పరీక్షించినవారున్నారు. 2001లో అమెరికాలో 45 మంది కళాశాల విద్యార్థుల చేత వ్యాసాలు వ్రాయించి చూడగా, వెనుక సంగీతం ఉన్నప్పుడు వారి వ్రాత వేగం తగ్గింది. 2019లో థ్రెడ్‌గోల్డ్ మొదలైనవారు మూడు పదాలిచ్చి, ఆ మూడింటితోను జతపడే నాల్గవ పదాన్ని కనిపెట్టమన్నారు. తెలియని భాషలోని పాట, మాటలు లేని సంగీతం, బాగా తెలిసిన పాట — ఈ మూడూ ఆ పనికి అడ్డుతగిలాయి; గ్రంథాలయంలో మామూలుగా ఉండే అలికిడి మాత్రం అడ్డు కాలేదు. ఊహలు పుట్టించడానికి సంగీతం తోడ్పడవచ్చును గాని, సరియైన ఒక్క మాటను వెదకి పట్టుకోవడానికి తోడ్పడదని ఈ ప్రయోగాలను కలిపి చదివితే మాకు తోచింది.

అయినా ఇవి అంకెలతో, చిక్కుప్రశ్నలతో చేసిన ప్రయోగాలు. కవిత్వం చిక్కుప్రశ్న కాదు. కనుక మాకు జరిగినది చెబుతాము.

ఆరేళ్ళ క్రితం మా అబ్బాజాన్ కాలం చేశారు. నలభై రోజులు గడిచాక ఆయనపై ఒక స్మృతి కావ్యం వ్రాయాలని కూర్చున్నాము. గురజాడ అప్పారావుగారు 1910లో చూపిన ముత్యాల సరాల బాట మాకు ఎప్పుడూ ప్రియమైనది. మూడు మాత్రలు, నాలుగు మాత్రలు జతగా నడిచే ఆ ఏడు మాత్రల మిశ్రగతిలో మొదలుపెట్టాము. తోడుగా మెహదీ హసన్‌గారి గజలొకటి పెట్టుకున్నాము. ముగిసినప్పుడల్లా మళ్ళీ మొదటి నుండి పెట్టుకుంటూ వ్రాశాము. కన్నీళ్ళు ఆగలేదు. తెల్లవారేసరికి పన్నెండు చరణాలు పూర్తి అయినవి. అంత గొప్పగా మేమెన్నడూ వ్రాయలేదని ఆ ఉదయం మా విశ్వాసం.

మా కళాశాల ఉర్దూ శాఖలో అప్పుడొక పెద్దలుండేవారు. తెలుగు కూడా చక్కగా చదివేవారు. వారికి ఆ ప్రతిని ఇచ్చాము. ఉర్దూ ముషాయిరాలలో కవిత చదవడానికి రెండు పద్ధతులున్నవి: రాగయుక్తంగా చదివితే తరన్నుం, రాగం లేకుండా మాటను మాటగా పలికితే తహతుల్‌లఫ్జ్. ఆ పెద్దలు మా పద్యాలను రెండవ పద్ధతిలో, నెమ్మదిగా, పైకి చదివారు. చదివి కొంతసేపు ఊరకుండి, "భాయీ, ఇందులో దుఃఖం చాలా ఉన్నది. మీ అబ్బాజాన్ మాత్రం లేరు" అన్నారు.

మాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి, పాట లేకుండా, తలుపు వేసుకొని, మేమే పైకి చదువుకున్నాము. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. కన్నీటి సంద్రాలు, వాడిన పూవులు, ఆరిన దీపాలు ఎన్నో ఉన్నవి. ఏ కొడుకైనా ఏ తండ్రిని గూర్చియైనా వ్రాయదగిన మాటలవి. రాత్రి మేము కార్చిన కన్నీళ్ళు గజలు తెప్పించిన కన్నీళ్ళు. వాటిని మా పద్యం తెప్పించినదని భ్రమపడ్డాము. దుఃఖాన్ని పాట అప్పుగా ఇస్తున్నప్పుడు మాటల కోసం వెదకవలసిన అవసరం మాకు కలుగలేదు. పాఠకుని చేతికి కాగితం వెళుతుంది గాని దానితోపాటు గజలు వెళ్ళదు గదా! అంతేకాదు, గజలు వెనుక తబలా ఎనిమిది మాత్రల కహర్వాలో నడుస్తుండగా, ఆరవ చరణం నుండి మా మిశ్రగతి కూడా మాకు తెలియకుండానే ఎనిమిది మాత్రలకు సాగిపోయింది. ఛందస్సు బోధించి జీతం తీసుకునే మేము దానిని ఆ రాత్రి గమనించనేలేదు.

మరికొన్ని నెలలకు మళ్ళీ వ్రాశాము. ఈసారి పాట లేదు. మొదటి గంట ఒక్క మాటా రాలేదు. చాలా భయం వేసింది. తరువాత, నిశ్శబ్దంలో, దుకాణం కనిపించింది. గుడ్డ మీద సుద్దగీత, చెవి మీద దోపుకున్న పెన్సిలు, మెడలో కొలత టేపు. దానితోపాటు ముప్ఫై ఏళ్ళుగా మేము మరచిన ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. కుట్టుతున్నంతసేపూ రేడియో వినే మా అబ్బాజాన్, బల్ల మీద గుడ్డ పరచి కత్తెర చేతికి తీసుకోగానే రేడియో ఆపివేసేవారు. ఎంత మంచి పాట వస్తున్నా ఆపేవారు. చిన్నతనంలో మేము అలిగితే, "కుట్టు తప్పితే విప్పుకోవచ్చురా, గుడ్డ తెగితే అతకదు" అనేవారు. ఈ మాట చుట్టూ అల్లుకున్న నాలుగు చరణాలే ఆ కావ్యంలో చివరకు మిగిలినవి. ఉర్దూ శాఖ పెద్దలు చదివి ఈసారి ఏమీ అనలేదు. ప్రతిని తమ వద్దనే ఉంచుకున్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. వాగ్గేయకారులు మాటనూ రాగాన్నీ కలిపియే పుట్టించలేదా? 1962లో 'గులేబకావళి కథ'తో చిత్రసీమలో ప్రవేశించిన నారాయణరెడ్డిగారు మొదలు ఎందరో గీత రచయితలు బాణీకి మాటలు కూర్చలేదా? తరహీ ముషాయిరాలో ముందుగా ఒక పంక్తి ఇచ్చి, అదే నడకలో, అదే అంత్యప్రాసతో గజళ్ళు వ్రాయమనరా? నిజమే. కాని బాణీకి వ్రాసిన మాట ఆ బాణీతోనే శ్రోతను చేరుతుంది. తరహీ గజలు నడక దాని పంక్తులలోనే ఉంటుంది. రచయిత విన్నది శ్రోతకూ అందుతుంది. అందులో మోసం లేదు. బుర్రకథకు వన్నె తెచ్చిన షేక్ నాజరుగారి కథలో తంబురా కూడా ఒక భాగమే. కథో, కవితో కాగితం మీద ఒంటరిగా పంపేవారి సంగతి వేరు. వారి సంగీతమంతా వారి మాటలలోనే ఉండాలి. బయటి సంగీతం మ్రోగుతుంటే ఆ లోపలి సంగీతం ఉన్నదో లేదో తెలుసుకునే మార్గం లేదు.

మరొక మాట. ఇట్లా వినడం వలన రచనకే గాక సంగీతానికి కూడా అపచారం జరుగుతున్నది. సూఫీల పరిభాషలో 'సమా' అనగా వినడం. ఇమాం గజాలీ తమ 'ఇహ్యా ఉలూముద్దీన్'లో సమాకు కాలం, స్థలం, తోడున్న మనుషులు — ఈ మూడూ తగినవి కావాలని చర్చించారు. వినడమే ఒక పనిగా, మర్యాద గల పనిగా పెద్దలు భావించారన్నమాట. మహావిద్వాంసులు జీవితమంతా సాధన చేసి పాడినదానిని మన వ్రాతబల్లకు పరదాగా వ్రేలాడదీయడం ఆ మర్యాదకు తగినది కాదు.

కనుక ఆ విద్యార్థినికి మా సమాధానమిది. అమ్మా, తప్పు కాదు గాని నష్టం. వ్రాయడానికి ముందు పాట విను. పనులు మాని, కన్నులు మూసుకొని విను. ఊహలు రానీ. తరువాత పాట ఆపి కలం పట్టు. మొదటి గంట ఏమీ రాకపోతే భయపడకు, మాకూ రాలేదు. హాస్టలులో గోలగా ఉంటే గ్రంథాలయానికి వెళ్ళు. అక్కడి అలికిడి నిన్ను చెరపదు. అదీ కుదరకపోతే తెల్లవారుజామున లే. వ్రాసినదానిని నీకు నీవే పైకి చదువుకో. రాగం తీయకుండా చదివినప్పుడు కూడా నీ గుండె కదిలితే ఆ కదలిక నీ మాటది. దానిని ఎవరూ తీసివేయలేరు.

మాటను ఎంచుకోవడం గుడ్డ కత్తిరించడం వంటిది. శుద్ధప్రతి వ్రాయడం కుట్టడం వంటిది. అప్పుడు రేడియో పెట్టుకోవచ్చును. మేము ఈ వ్యాసాన్ని రెండు రాత్రులు నిశ్శబ్దంలో వ్రాశాము. శుద్ధప్రతి తీసేటప్పుడు మాత్రం కరవది వాస్తవ్యులు షేక్ చినమౌలానాగారి నాదస్వరం పెట్టుకున్నాము. మధ్యలో రెండుసార్లు కలం ఆపి, విని, మళ్ళీ వ్రాసుకున్నాము.