గడువు లెక్కలో లేని గంటలు

వీడియో గేమ్ అనగానే పిల్లల ఆట అనుకుంటాం. దాని వెనక నెలల తరబడి మనుషుల శ్రమ ఉంటుందని ఆలోచించం. హైదరాబాదులో గేమ్‌లు తయారుచేసే ఒక చిన్న బృందానికి రెండేళ్ళు ప్రాజెక్టు మేనేజరుగా పనిచేశాను. ఎవరు ఏ పని ఎన్నాళ్ళలో చేయాలో లెక్క వేయడం నా ఉద్యోగం. ఆ లెక్కలో నేను చేసిన తప్పు గురించే ఇది.

మేం తొమ్మిది మందిమి. స్త్రీలం ఇద్దరమే: నేను, బొమ్మలు గీసే ఒక అమ్మాయి. "మనమంతా ఒక కుటుంబం" అనేవాడు యజమాని. ఆ మాట నాకూ నచ్చేది.

గేమ్ పనిలో ఒక చిక్కుంది. ఆడి చూస్తేగాని బాగుందో లేదో తెలియదు. బాగా లేకపోతే నెల రోజుల పని పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ఇంతలో గడువు ముంచుకొస్తుంది. అప్పుడు తేదీ జరపాలి, లేదా పని తగ్గించాలి, లేదా మనుషుల్ని పెంచాలి. మూడూ యజమానికి నష్టమే. నష్టం లేనిది ఒకటుంది: ఉన్నవాళ్ళ రాత్రుల్ని, ఆదివారాల్ని తీసేసుకోవడం. ఈ పరిశ్రమలో దీన్ని క్రంచ్ అంటారు. నేను ఆ దారే పట్టాను.

మగవాళ్ళు రాత్రి పదకొండు దాకా కూర్చోగలిగారు. వాళ్ళ ఇళ్ళల్లో వండిపెట్టే తల్లులు, పిల్లల్ని నిద్రపుచ్చే భార్యలు ఉన్నారు. ఆ చాకిరీకి నా పట్టికలో చోటు లేదు. ఆ అమ్మాయి మాత్రం పనివేళ ముగియగానే ఆరున్నరకు వెళ్ళిపోయేది. రాత్రి ప్రయాణమంటే భయం, ఇంట్లో ఆంక్షలు. "అంకితభావం తక్కువ" అని ఆమె గురించి నివేదికలో రాసింది నేనే. ఆమె మానేసింది. గేమ్ అనుకున్న తేదీకే విడుదలైంది. నన్నందరూ మెచ్చుకున్నారు.

ఇది మా ఒక్క ఆఫీసు సంగతి కాదు. 2004లో అమెరికాలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఉద్యోగి ఒకరికి కాబోయే భార్య పేరు చెప్పకుండా బహిరంగ లేఖ రాసింది. ఉదయం 9 నుంచి రాత్రి 10 దాకా, వారానికి ఏడు రోజులూ పని చేయిస్తున్నారన్నది ఆమె ఆరోపణ. ఆమె ఎరిన్ హాఫ్‌మన్ అని తర్వాత తెలిసింది. అదనపు పనికి జీతం ఇవ్వలేదన్న కేసుల్లో ఆ కంపెనీ 2005లో చిత్రకారులకు 1 కోటి 56 లక్షల డాలర్లు, 2006లో ప్రోగ్రామర్లకు 1 కోటి 49 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. 2010లో రాక్‌స్టార్ శాన్ డియేగో ఉద్యోగుల భార్యలూ ఇలాంటి లేఖే రాశారు. రెండుసార్లూ నోరు విప్పింది ఇంట్లోని స్త్రీలే. ఆఫీసు తీసుకున్న గంటల్ని తమ శ్రమతో పూడ్చింది వాళ్ళే కదా!

చిన్న బృందాల్లో మరో ప్రమాదం ఉంది. పనిచేసేచోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది లేని చోట అంతర్గత కమిటీ అవసరం లేదు. అలాంటి చోట్లవాళ్ళు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. ఆ సంగతి మా ఆఫీసులో ఎవరూ చెప్పలేదు, మేనేజరుగా నేనూ తెలుసుకోలేదు. "కుటుంబం"లో ఫిర్యాదు ఏమిటన్న ధోరణే అందుకు కారణం. కుటుంబంలో నోరు మూయించడమంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పాలా?

గడువు వేయడం కేవలం సాంకేతిక విషయం కాదు. ఎవరి సమయానికి విలువ ఉందో, ఎవరిది ఊరికే వస్తుందో అక్కడే తేలిపోతుంది. గడువు మీద పడ్డప్పుడు ముందు తగ్గించాల్సింది పనిని, మనుషుల నిద్రను కాదు. ఆరున్నరకు వెళ్ళే మనిషిని కొలతగా పెట్టుకుని పట్టిక వేస్తే అది అందరికీ సరిపోతుంది.

స్థానిక కమిటీల్లో మహిళల కోసం పనిచేసే సంస్థల ప్రతినిధులకు చట్టమే చోటిచ్చింది. కాబట్టి మన సంఘాలు ఫ్యాక్టరీ గేట్ల దగ్గరకు వెళ్ళినట్టే అపార్టుమెంటు గదుల్లో నడిచే ఈ చిన్న ఆఫీసుల తలుపులూ తట్టాలి. ఆ అమ్మాయిలాంటివాళ్ళు మానేయకముందే వాళ్ళను కలవాలి.