పులులూ పాండాలూ సరే, మన అవ్వ వేలిముద్ర సంగతేంటి?



సైబర్ సెక్యూరిటీ వార్తలు చదువుతుంటే మాకు అడవే గుర్తొస్తోంది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా కంపెనీ హ్యాకర్ల ముఠాలకు జంతువుల పేర్లు పెడుతుంది. రష్యా వాళ్లయితే ఎలుగుబంటి, చైనా వాళ్లు పాండా, ఇరాన్ వాళ్లు పిల్లికూన, ఇండియా వాళ్లు పులి. మన పాడేరు, అరకు వైపు కిల్లో అంటే పులి వంశమే కదా! కిల్లో తమ్ముళ్లూ, మీ ఇంటిపేరు అమెరికా దాకా వెళ్లిపోయింది. మైక్రోసాఫ్ట్ వాళ్లేమో 2023 నుంచి తుపాన్లు, ఇసుక గాలుల పేర్లు పెడుతున్నారు. దాంతో ఒకే ముఠాకు రెండు మూడు పేర్లు. మన వంతాల, పాంగి, కొర్రా లెక్కే నయం, ఎవరికి ఎవరు వరసో తేలిపోతుంది.

ఇన్ని మృగాల మీద కాపలా కాసే ఆ కంపెనీయే 2024 జూలై 19న ఒక తప్పుడు అప్‌డేట్ వదిలింది. మైక్రోసాఫ్ట్ లెక్కలో సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాస్ పెన్నుతో రాసిచ్చారు. ఏ పులీ రాలేదు, కంచే చేను మేసింది. సారీ చెబుతూ తమతో పనిచేసే వాళ్లకు 10 డాలర్ల తిండి కూపన్లు పంపారు, అవీ కొందరికి పనిచేయలేదు! మరుసటి నెల లాస్ వెగాస్‌లో హ్యాకర్ల సభ వాళ్లు 'ఘోరమైన ఫెయిల్' అవార్డు ఇస్తే, కంపెనీ ప్రెసిడెంటే స్టేజీ ఎక్కి తీసుకున్నాడు. ఆ ధైర్యానికి మాత్రం ఒక దండం.

నవ్వుకున్నాం, బాగుంది. మరి మన కొండమీదికి వచ్చే దొంగకు ఏ జంతువు పేరూ లేదేం?

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు. చెప్పడానికి ముందు అది రావాలి కదా. సిగ్నల్ కోసం కొండెక్కేసరికి దాని టైమ్ అయిపోతుంది. అసలు ఆధార్‌తో డబ్బు తీసే చోట ఓటీపీతో, పిన్‌తో పనే లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు ఉంటే చాలు. "వేలు పడలేదవ్వా, ఇంకోసారి పెట్టు" అని రెండోసారి లాగేస్తే ఆమెకెలా తెలుస్తుంది? బయోమెట్రిక్ లాక్ చేసుకోమని సలహా ఇస్తారు. లాక్ చేస్తే రేషన్ దగ్గర కూడా వేలు పడదు. తీయాలంటే మళ్లీ ఫోను, సిగ్నల్. ఈ సలహా టవర్ కింద కూర్చున్నవాళ్లు రాసినట్టుంది.

టీకొట్టులో పది రూపాయలు పడితే పెట్టె గట్టిగా అరిచి చెబుతుంది. అవ్వ ఖాతాలోంచి రెండువేలు పోతే ఏ పెట్టే అరవదు. ఆ మిషన్ కూడా ఎంత తీశారో పైకి చెప్పాలి. తెలుగులోనే కాదు, కువిలో, కోయలో, ఆదివాసీ ఒడియాలో కూడా. ఇది పెద్ద సాంకేతిక అద్భుతమేం కాదు, అడిగేవాళ్లు లేక రాలేదని మా అభిప్రాయం.

పండక్కి ఊరెళ్లేవాళ్లు అవ్వ పాస్‌బుక్ పట్టుకెళ్లి ఎంట్రీ వేయించండి. తేడా కనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ ఊళ్లో ఏం తేలిందో ఇక్కడే రాయండి. పది ఊళ్ల లెక్క వస్తే ఐటీడీఏ పీఓ గారి దగ్గరికి అందరం కలిసే వెళ్దాం.