కొండవాలు చేనును మట్టిలోని మూలధనమును



రోలుగుంటకు పడమట కొండదిగువను మన సంఘ సభ్యు డొకడు నన్ను నిలిపి, "అయ్యా, కొండవాలున నాలుగెకరములు నరికి కాల్చినచో మూడేండ్లు ఎరువు లేకయే చోళ్లు పండును. దిగువచేనికి బస్తాలకొలది యెరువు వేసినను పండుట లేదు. నరికిన తప్పేమి?" అని యడిగెను. ఆతడు చూచినది నిజమే. ఆ మూడేండ్ల పంట యెక్కడనుండి వచ్చునో మాత్ర మాతడు చూడలేదు.

అడవినుండి యొక మట్టిపెళ్లను, దుక్కిచేనినుండి మరియొక పెళ్లను ఆతనిచేతనే తెప్పించి, ఆరబెట్టి, రెండు గాజుగ్లాసుల నీటిలో వేయించితిని. చేనిపెళ్ల చూచుచుండగనే కరగి బురదయయ్యెను. అడవిపెళ్ల చాలసేపు చెక్కుచెదరక నిలిచెను. దానిని పట్టియుంచినది ఏండ్లతరబడి రాలిన యాకును, చచ్చిన వేళ్లును కుళ్లగా నేర్పడిన నల్లని సేంద్రియ పదార్థము. అందు సగమునకు మించినది కర్బనము. మన పొయ్యిలోని బొగ్గున నున్నదియు నదియే. నీటిని పట్టియుంచునది, ఎరువు కొట్టుకొనిపోకుండ నాపునది ఈ పదార్థమే.

అడవి నరికినతోడనే ఆకు రాలుట నిలిచిపోవును. నాగలి మట్టిని తిరుగవేయగా గాలి చొరబడును. సూక్ష్మజీవులు ఆ కర్బనమును తిని బొగ్గుపులుసు వాయువుగా విడుచును. ఒక మణుగు కర్బనము పోయినచో మూడున్నర మణుగులకు మించిన వాయువు గాలిలో కలియును. ఈ తినివేతలో విడుదలయగు సారమును, కాల్చిన బూడిదయునే మన మూడేండ్ల చోళ్లు. వడ్డీ యనుకొని మూలధనమును భుజించుచున్నాము! వాలునేల యగుటచే మిగిలినదానిని వానలు గెడ్డలలోనికి దించును. గువో, గిఫర్డు అను శాస్త్రజ్ఞులు పలుదేశముల పరిశోధనలను సమకూర్చి 2002లో ప్రకటించినదానినిబట్టి, అడవిని దుక్కినేలగా మార్చినచోట మట్టిలోని కర్బనము సగటున నూటికి 42 వంతులు తగ్గినది.

పోడు చేయు గిరిజనులను నిందించుట నా యుద్దేశము కాదు. పూర్వము వారు రెండు మూడు పంటలు తీసి, ఆ నేలను అనేక సంవత్సరములు అడవికే విడిచెడివారు. పోయిన బలము చాలవరకు తిరిగివచ్చెడిది. 1882 నాటి మద్రాసు అడవి చట్టము మొదలుకొని వారిపై పడిన నిర్బంధములు 1922లో మన పొరుగు చింతపల్లి మన్యమున తిరుగుబాటునకు ఒక కారణమైనవి. 2006 నాటి చట్టము వారి హక్కును గుర్తించినది, అది న్యాయమే. కాని బీడువిడుచు కాలము తగ్గినచో ఎవరి పట్టా యైనను నేల కోలుకొనదు. పాడేరు ప్రాంతమున చెట్లనీడను కాఫీ పెంచువారి నేలపై ఆకు రాలుచునేయున్నది గదా!

ఇక మన దిగువచేల మాట. 2015 నుండి ఇచ్చిన భూసార పత్రములలో సేంద్రియ కర్బనమను వరుస యొకటి కలదు. నత్రజని, భాస్వరముల యంకెలు చూచి మనము దానిని విడిచిపెట్టుదుము. నూటికి అరవంతు లోపల నున్నచో తక్కువ, ముప్పాతికకు మించినచో హెచ్చు అని యర్థము. తక్కువయున్న చేనిలో బస్తాలు కుమ్మరించుట చిల్లుకుండలో నీరు పోయుటయే. అట్లుండియు చోడవరము ప్రాంతమున చెరకు నరికినవెంటనే ఆకునకు నిప్పుపెట్టు రైతులు కలరు! ఆ మంటను చూచినప్పుడెల్ల నాకు కడుపు మండును. ఆ యాకును చాళ్లనడుమ పరచవచ్చును. వరికి ముందు జనుమో జీలుగయో చల్లి, పూత సమయమున దున్నవచ్చును. గెత్తమును వానకు తడియనీయక గోతిలో నుంచవచ్చును. వీనివలన మరుసటియేడే గాదెలు నిండునని నేను చెప్పను. పోవుట వేగము, వచ్చుట నిదానము. కర్బనము పెరుగుటకు ఏండ్లు పట్టును.

కావున నా యభిప్రాయ మిది. కొండవాలు నరకుటకు మన సంఘము ఒక్క రూపాయియు అప్పీయరాదు. పచ్చిరొట్ట విత్తనమునకును, గెత్తపుగోతులకును ముందుగా నీయవలెను. దీనికి కోపించు సభ్యు లుందురని యెరుగుదును. వారు మహాజనసభకు వచ్చి వాదింతురు గాక. నేను రెండు గ్లాసులును రెండు పెళ్లలును తెచ్చెదను.

నన్ను ప్రశ్నించిన సభ్యుడు ఇంకను గొడ్డలి పట్టలేదు. తొలకరికి ముందు జనుము విత్తనము దొరకినయెడల దిగువచేనిలోనే చల్లెదనని నాతో చెప్పియున్నాడు.