బుట్టలోని విద్య

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున ఒకవాంగో యను నది కలదు. అది అంగోలా దేశపు ఎత్తుభూములలో పుట్టి, బోట్స్వానాలో ప్రవేశించి, సముద్రమును చేరకయే పాయలుపాయలుగ విడివడి కలహారి యిసుకలలో నింకిపోవును. ఆ పాయల పడమటి యంచున ఎట్షా యను పేరుగల పదుమూడు పల్లెలున్నవి. ఎట్షా ఒకటి మొదలు ఎట్షా పదుమూడు వఱకు అంకెలచేతనే వాటికి గుర్తింపు. అంగోలాలో పోర్చుగీసు పాలనపై సాగిన యుద్ధకాలమున, 1960 దశకపు చివర, సరిహద్దు దాటి శరణుజొచ్చిన హంబుకుషు జాతివారికై యేర్పడిన పల్లెలవి. 1966లో స్వతంత్రమైన బోట్స్వానా తానప్పటికి పసిదేశమయ్యును వారికి చోటిచ్చినది. ఇండ్లను, పొలములను విడిచివచ్చిన యా జనులు బుట్టలల్లు విద్యను మాత్రము విడువలేదు. చేతులలోని సొత్తును శత్రువు దోచుకొనజాలడు.

ఆ ప్రాంతమున మొకోలా యను తాళజాతి వృక్షము పెరుగును. ఇంకను విచ్చుకొనని దాని మొవ్వాకును కోసి, సన్నని పీలికలుగ చీల్చి యెండబెట్టుదురు. కొన్ని చెట్ల వేళ్లను, వేళ్ల బెరడును దంచి, ఆ పీలికలతో కలిపి నీట కాచినచో గోధుమవన్నె మొదలు నలుపును బోలు ఛాయ వఱకు రంగులు పట్టును. పిమ్మట గడ్డినో తీగనో యాధారముగ గొని, చుట్టకుదురువలె నడుమనుండి వెలుపలికి చుట్టుచు, ప్రతి చుట్టును పీలికతో బిగించి, వాడిమొనగల పనిముట్టుతో క్రింది చుట్టును గ్రుచ్చి కుట్టుచు పోవుదురు. ఈ విధముననే ధాన్యము దాచు మూతబుట్టయు, తలపై మోయు గంపయు, గింజలు చెఱుగు పళ్లెమును సిద్ధమగును. పెద్దబుట్ట యొకటి ముగియుటకు వారములు పట్టును.

ఇది కేవలము చేతి యలవాటని తలచువారు గణితమును కొంచెము స్మరింపవలెను. చదునైన పళ్లెమున చుట్టు మందము పావు అంగుళమైనచో, ప్రతి చుట్టుతోను చుట్టుకొలత సుమారు ఒకటిన్నర అంగుళము పెరుగును. కావున నడుమ నాలుగు రంగుకుట్లతో మొదలైన రూపము, అంచు చేరునప్పటికి పొందిక చెడకుండ విస్తరింపవలెనన్న, ఏ చుట్టున నెన్ని కుట్లు పెంచవలెనో ముందే యెఱిగియుండవలెను. అల్లునామె కాగితముపై గీత గీయదు, అంకె వేయదు. పది చుట్లకు ముందు చేసిన తప్పును దిద్దవలెనన్న పది చుట్లను విప్పవలసినదే. లెక్క యంతయు నామె కన్నులయందును వ్రేళ్లయందును నుండును.

ఆ యల్లికలలోని రూపములకు పేళ్లు కలవు. జిరాఫీ కన్నీరు, చారలగుఱ్ఱము నుదురు, తాబేటి మోకాళ్లు, ఉష్ట్రపక్షి పరుగు మున్నగునవి వానిలో కొన్ని. వంకలు తిరిగిన యొక గీతకు ‘కోడె మూత్రపు జాడ’ యని పేరు. ఈ పేరు విని నవ్వబోవు తెలుగు విద్యార్థి తన యలంకారశాస్త్రమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఎద్దు నడచుచు మూత్రము విడువగా నేలపై వంకరటింకరగ పడు జాడకే గోమూత్రిక యని పేరు. రెండు పంక్తుల పద్యమున, పైపంక్తి యక్షరము నొకటి, క్రిందిపంక్తి యక్షరము నొకటి చొప్పున వంకరగ చదివినను అదే పద్యము వచ్చునట్లు కూర్చుట గోమూత్రికాబంధము. దండి కావ్యాదర్శమున దీనికి లక్షణము చెప్పినాడు. భారవి కిరాతార్జునీయమున దీనిని ప్రయోగించినాడు.

ఒకరి నొకరు చూడని, ఒకరి భాష నొకరు వినని రెండు జనసముదాయములు నేలపై నొకే జాడను చూచి, దానియందు అందమును కనుగొన్నవి. ఒకరు దానిని అక్షరములతో కూర్చిరి. మఱియొకరు తాటిపీలికలతో కూర్చిరి. మొదటిది శాస్త్రమనిపించుకొన్నది, కూర్చినవాని పేరు నిలిచినది. రెండవది చేతిపని యనిపించుకొన్నది. కూర్చినవారి పేళ్లు తఱచుగ సంతలోనే మాసిపోయినవి. విలువకట్టు దృష్టిలోనే తప్ప ఆ రెంటి ప్రజ్ఞలో నింత యంతరము కలదా?

ఈ ప్రశ్న పండితుల చర్చకు మాత్రమే సంబంధించినది కాదు. 1970 దశకమునుండి ఎట్షా బుట్టలు విదేశముల యంగళ్లకు పోజొచ్చినవి. ధాన్యము దాచుటకై పుట్టిన వస్తువు గోడలకు అలంకారమైనది. వేఱు రాబడి లేని యెందఱో స్త్రీలకు నాలుగు డబ్బులు చేత బడినవి; అది మేలే. కాని గిరాకి పెరిగినకొలది మొవ్వాకు కోతయు పెరిగినది. తాళవృక్షము నిదానముగ పెరుగునది. మొవ్వును మాటిమాటికి కోసినచో దాని యెదుగుదల కుంటువడును. రంగుకై వేళ్ల బెరడును ఒలిచిన చెట్టుకును అదే గతి. 1980 దశకముననే వృక్షశాస్త్రజ్ఞులు ఈ యపాయమును పరిశీలించి హెచ్చరించిరి. మొకోలా మొక్కలను నాటి పెంచు ప్రయత్నములును జరిగినవి.

విద్య నిలుచుటకు చెట్టు నిలువవలెను. చెట్టు నిలుచుటకు బుట్టకు తగిన వెల రావలెను. వెల తక్కువైనచో పొట్టకూటికై పది బుట్టలు తొందరగ నల్లవలసివచ్చును. పది బుట్టలకు కావలసిన యాకు కొఱకు అడవి బోసిపోవును. శ్రమకు తగిన వెల వచ్చినచో ఒక్క బుట్టనే నెమ్మదిగ, నేర్పుగ నల్లవచ్చును. వారముల తరబడి యల్లిన బుట్టను చేతబట్టి బేరమాడి సగము ధరకు కొన్నవాడు ఆ నేర్పునే కాక, ఆ చెట్టును గూడ సగము ధరకు కొన్నవాడగుచున్నాడు. ఈ విద్య తల్లి ప్రక్కన కూర్చుండి కూతురు నేర్చుకొనునది. కూలి గిట్టని పనికి కూతురు కూర్చుండదు. ఆమె కూర్చుండనినాడు దానిని వ్రాసియుంచిన గ్రంథము మఱియొకటి లేదు.

పాఠశాలలలో ఆఫ్రికా యనగా ఎడారులు, గనులు, క్రూరమృగములు అనుటతో పాఠము ముగియుచుండుట తఱచు. పటమున ఒకవాంగో పాయలను చూపు భూగోళోపాధ్యాయుడు ఆ యొడ్డున నల్లుచున్న చేతులను గూర్చియు నొకమాట చెప్పవచ్చును. వృత్తపు చుట్టుకొలతను బోధించు గణితోపాధ్యాయునికి ఆ పళ్లెముకంటె చక్కని యుదాహరణము దొరకదు. బంధకవిత్వమును చెప్పు తెలుగు ఉపాధ్యాయుడు గోమూత్రికను నల్లబల్లపై గీచి, దాని ప్రక్కనే ‘కోడె మూత్రపు జాడ’ను గీచినచో, ఏది కవిదో, ఏది బుట్టలల్లు స్త్రీదో విద్యార్థులనే చెప్పుమనవచ్చును. చెప్పలేక వారు తడబడిన క్షణమే ఆ పాఠమునకు ఫలము.