సాక్షి కాదు, ప్రేక్షకుడు

వేదాంతశాస్త్రంలో 'సాక్షి' శబ్దం అత్యంత గంభీరమైనది. ఆ శబ్దాన్ని నేడు మన నెల్లూరు మెట్టసీమలోని ఆస్తికగృహాలలోనే ఎంత చులకనగా ప్రయోగిస్తున్నారో గమనిస్తే ఖేదం కలుగుతుంది. ఉదయగిరిలోనైనా, ఆత్మకూరులోనైనా, ప్రాతఃకాలంలో విష్ణుసహస్రనామం, సాయంకాలం గీతాశ్రవణం తప్పని సాధకులే రాత్రి భోజనానంతరం నట్టింట టీవీ ముందు కూర్చుని రక్తసిక్తమైన విదేశీ గ్యాంగ్‌స్టర్ చిత్రాలను అర్ధరాత్రి దాకా వీక్షిస్తున్నారు. వీక్షించడం ఒక ఎత్తు, దానికి చెప్పుకొనే సమర్థన మరొక ఎత్తు. "నేను కేవలం సాక్షిని. తెరమీద జరిగేదంతా మిథ్య. మిథ్యను చూస్తే నాకేమి అంటుతుంది?" అంటారు. ఈ వాక్యం వేదాంతం కాదు, వేదాంతవేషం ధరించిన భోగలాలస. దీనిని ఖండించడమే ఈ వ్యాసప్రయోజనం.

చలనచిత్రమాత్రం పాపమనే వాదం మాది కాదు. దుఃఖార్తులకు, శ్రమార్తులకు నాట్యం విశ్రాంతినిస్తుందని భరతముని చెప్పాడు. రౌద్రబీభత్సాలకు సైతం రసపంక్తిలో స్థానమిచ్చాడు. కనుక చిత్రం చూసి, "చూశాను, వినోదించాను" అని ఒప్పుకొనే గృహస్థుతో మాకు కలహం లేదు. తన వినోదానికి ఉపనిషత్తుల చేత పూచీకత్తు ఇప్పించుకొనే వానితోనే మా వివాదం.

విచారణకు ఒక ఉదాహరణ కావాలి. బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ చిత్రాలలో అగ్రశ్రేణికి చెందినదిగా విమర్శకులు పరిగణించే 'గెట్ కార్టర్'ను తీసుకుందాం. మైక్ హాడ్జెస్ దర్శకత్వంలో 1971లో వెలువడింది. మైఖేల్ కెయిన్ ప్రధానపాత్రధారి. లండన్ నేరముఠాకు పనిచేసే జాక్ కార్టర్ సోదరుని అంత్యక్రియల కోసం స్వస్థలమైన న్యూకాసిల్‌కు రైలులో వెళతాడు. ఆ మరణం ప్రమాదం కాదని గ్రహించి, కారకులను ఒక్కొక్కరినే వెదికి హతమారుస్తాడు. చివరకు బొగ్గుమసితో నల్లబడిన సముద్రతీరంలో, తన ప్రతీకారం పూర్తయిందని నవ్వుకుంటున్న క్షణంలోనే, దూరం నుండి వచ్చిన తూటా అతని నుదుటిని ఛేదిస్తుంది. ఆ తూటా పేల్చినవాడు చిత్రారంభంలో అదే రైలుపెట్టెలో ప్రయాణిస్తూ కనిపించిన వ్యక్తే. ప్రారబ్ధం మన పక్క ఆసనంలోనే కూర్చుని వస్తుందని చెప్పడానికి ఇంతకన్న స్పష్టమైన దృష్టాంతం దొరకదు. కనుక దోషం ఆ చిత్రంలో లేదు. అది హింసను కీర్తించదు. దోషాన్ని చూసేవానిలోనే వెదకాలి.

ఇప్పుడు పూర్వపక్షాన్ని పరీక్షిద్దాం. చూసేవాడు సాక్షియేనా?

విద్యారణ్యస్వామి పంచదశిలో 'నాటకదీపం' అనే ప్రకరణమే ఉంది. అక్కడ ఆచార్యుడు మన దేహాన్ని ఒక నృత్యశాలగా నిరూపించాడు. బుద్ధి నర్తకి. ఇంద్రియాలు తాళం వేసే వాద్యగాండ్రు. విషయాలు సభ్యులు. నాట్యం బాగుంటే ఉప్పొంగి, బాగులేకుంటే కుంగిపోయే ప్రభువు అహంకారం. మరి సాక్షి ఎవరు? శాలలో వెలిగే దీపం. అది ప్రభువును, సభ్యులను, నర్తకిని సమానంగా ప్రకాశింపజేస్తుంది. అందరూ వెళ్ళిపోయిన తరువాతా అలాగే వెలుగుతుంది. దానికి కథలో ఆసక్తి లేదు, కథానాయకునిపై పక్షపాతం లేదు. 

ఈ దృష్టాంతం తెలిసిన తరువాత, సోఫాలో కూర్చుని, "తరువాత ఏమవుతుందో" అని ముందుకు వంగి, శత్రువు కూలగానే తృప్తిగా నిట్టూర్చే వ్యక్తి తనను సాక్షిగా చెప్పుకోగలడా? విద్యారణ్యుల లెక్క ప్రకారం అతడు దీపం కాదు, ప్రభువు. అంటే అహంకారం.

"సాక్షిత్వం నిత్యసిద్ధం గదా, చిత్రం చూస్తున్నప్పుడు మాత్రం పోతుందా?" అని కొందరు యుక్తి చేస్తారు. పోదు. ఆ సాక్షి హంతకునిలోనూ నిత్యసిద్ధమే. సాక్షికి పాపం అంటదన్న మాటతో మీ వీక్షణం నిర్దోషమైతే, అదే మాటతో కార్టర్ చేసిన హత్యలు కూడా నిర్దోషాలు కావాలి. దానిని ఏ ఆచార్యుడూ అంగీకరించడు. విధినిషేధాలు సాక్షికి కావు, కర్తనని, భోక్తనని అనుకొనే జీవునికి. టీవీ మీట నొక్కినవాడు ఆ జీవుడే.

మిథ్యావాదం మరింత దుర్బలమైనది. మిథ్య అంటే శూన్యమని అర్థం కాదు. తెర ఎంత మిథ్యో, చూసే కన్నూ, స్పందించే మనస్సూ అంతే మిథ్య. మిథ్యాగ్ని మిథ్యాహస్తాన్ని కాల్చే తీరుతుంది. స్వప్నవ్యాఘ్రాన్ని చూసి లేచినవాని గుండె నిజంగానే కొట్టుకుంటుంది. కరెంటు బిల్లు వచ్చినప్పుడు "ఇది మిథ్య" అని ఎవరూ పక్కన పెట్టరు. వినోదవేళ మాత్రమే జ్ఞాపకం వచ్చే అద్వైతం అద్వైతం కాదు.

ఈ వాదానికి మర్మస్థానం ఆ చిత్రంలోనే ఉంది. చిత్రారంభంలో లండన్‌లోని యజమాని ఇంట అశ్లీలమైన స్లైడులు ప్రదర్శిస్తుంటారు. కార్టర్ అక్కడే ఉంటాడు. ఆ స్త్రీలు ఎవరి బిడ్డలో అన్న చింత అతనికి లేదు. అతని ముఖంలో వికారమే కనబడదు. కొంత కథ నడిచిన తరువాత న్యూకాసిల్‌లో ఒక ఇంట, పడకగదిలో, ప్రొజెక్టరుపై అటువంటిదే మరొక చిత్రాన్ని చూస్తాడు. అందులో ఉన్నది తన సోదరుని కుమార్తె అని గుర్తిస్తాడు. అప్పుడు అతని కన్నుల నీరు కారుతుంది. ఆ కన్నీరు క్షణాలలోనే క్రోధంగా, ఆ క్రోధం హత్యాపరంపరగా మారుతుంది. 

సాధకులు ఈ రెండు ఘట్టాలనూ కలిపి మననం చేయాలి. మొదటి ఘట్టంలో కార్టర్ నిర్వికారుడు. కాని అది సాక్షిత్వమా? కాదు. పరాయి బిడ్డపై మమకారం లేకపోవడం మాత్రమే. 'నాది' అన్నది తెరమీదకు రాగానే ఆ నిర్వికారత్వం పటాపంచలైంది. మన ఇండ్లలో "నేను సాక్షిని" అనేవారి స్థితి సరిగ్గా ఇదే. కూలినవాడు తమ కుమారుడు కాడు గనుక వారు చలించరు. ఆత్మౌపమ్యంతో సర్వత్ర సుఖదుఃఖాలను సమంగా చూసేవాడే పరమయోగి అని గీత ఆరవ అధ్యాయంలో భగవానుడు నిర్దేశించాడు. పరదుఃఖానికి మొద్దుబారడం ఆ సమదర్శనానికి సోపానం కాదు, సరిగ్గా విపరీతదిశ.

రెండవ ఘట్టం గీతలోని ద్వితీయాధ్యాయానికి వ్యాఖ్యానం వంటిది. విషయధ్యానం వల్ల సంగం, సంగం వల్ల కామం, కామం వల్ల క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, స్మృతిభ్రంశం, బుద్ధినాశం, చివరకు సర్వనాశం. ఆ మెట్లన్నీ దిగినవాడు ఆ తీరంలో పడి ఉన్నాడు. దానిని చూసి ఒక్కరికైనా వైరాగ్యం కలిగితే ఆ రాత్రి సత్సంగమే. "ఎంత బాగా పగ తీర్చుకున్నాడు!" అన్న మెచ్చుకోలే మిగిలితే, మనమూ మొదటి మెట్టు దిగినట్లే.

ఛాందోగ్యం సప్తమాధ్యాయంలో ఆహారశుద్ధి వల్ల అంతఃకరణశుద్ధి కలుగుతుందన్న ఉపదేశం ఉంది. అక్కడ ఆహారమంటే ఇంద్రియాల ద్వారా లోపలికి గ్రహించే శబ్దాదివిషయజ్ఞానమని, అది రాగద్వేషమోహరహితం కావడమే శుద్ధి అని శంకరులు భాష్యం చెప్పారు. రామానుజసంప్రదాయం తినే అన్నానికే ప్రాధాన్యమిచ్చి జాతి, ఆశ్రయ, నిమిత్తదోషాలను వివరించింది. ఏకాదశినాడు ఉల్లి వంటింట్లోకి రాకుండా జాగ్రత్తపడే గృహం రెండవ అర్థాన్ని పాటిస్తూ మొదటి అర్థాన్ని విస్మరించడం విచిత్రం. 

"మన పురాణాలలో రక్తం లేదా? నరసింహుడు ప్రేగులు చీల్చలేదా?" అన్నది చివరి ఆక్షేపం. ఉంది. అయితే ఆ రక్తం పక్కన ప్రహ్లాదుడు నిలబడి ఉన్నాడు. కథ చీల్చడంతో ఆగదు. మనకు చేరువలోని పెంచలకోనకే వెళ్ళి చూడండి. హిరణ్యకశిపుని వధించిన ఉగ్రమూర్తి అక్కడ చెంచులక్ష్మిని పెనవేసుకొని శాంతించి శిలారూపం దాల్చాడని స్థలపురాణం. పెనుశిల అన్న నామమే అందుకు గుర్తు. మన సంప్రదాయం రౌద్రాన్ని చూపినప్పుడు దానిని శాంతం దాకా నడిపిస్తుంది. పైగా యుద్ధాన్ని, మరణాన్ని, నగరముట్టడిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకాల ద్వారా సూచించాలని భరతుడు నియమించాడు. ముట్టడి అంటే ఏమిటో ఉదయగిరి దుర్గానికి తెలుసు. గజపతుల నుండి ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో జయించాడు. అక్కడి నుండి హంపికి తీసుకువెళ్ళి 1515లో ప్రతిష్ఠించినది బాలకృష్ణవిగ్రహాన్ని. అంత రక్తపాతం తరువాత ఆ రాజు ఆలయంలో నిలుపుకున్న స్మృతి ఖడ్గం కాదు, శిశురూపుడైన స్వామి.

పూర్వం సినిమా చూడాలంటే హాలుకు పోవాలి. 'ఏ' సర్టిఫికెట్ చిత్రమైతే పిల్లలను ద్వారం దగ్గరే ఆపాలన్నది నియమం. నేడు ఓటీటీ నట్టింటికి వచ్చింది. 2021 నాటి కేంద్రనియమాలు యు/ఏ 7+, 13+, 16+, ఏ అని వయోవిభాగాలు చేసి, తల్లిదండ్రులు తాళం వేసుకొనే సౌకర్యాన్ని విధించాయి. కాని ఆ తాళం వేయవలసిన ద్వారపాలకుడు గృహస్థుడే. అతడే "నేను సాక్షిని" అని నిద్రపోతే, తలుపు చాటున నిలబడి చూస్తున్న పదేండ్ల బాలునికి మిగిలేది కత్తి ఒక్కటే, కర్మసిద్ధాంతం కాదు.

కనుక చూడదలచినవారు చూడండి. చూసేటప్పుడు తెరను మాత్రమే కాక, మీ మనస్సును కూడా చూడండి. నాయకుని చేతిలో కూలినవానికీ ఒక తల్లి ఉంటుందన్న స్ఫురణ కలిగిందా? చిత్రం ముగిసిన వెంటనే జపమాల పట్టగలిగారా? కలగలేదంటే, పట్టలేకపోయారంటే, ఆ రాత్రి ఇంట్లో ఉన్నది ప్రేక్షకుడే. ప్రేక్షకుడనని ఒప్పుకోవడంలో అవమానం లేదు. ఆ సత్యవాక్కు నుండి సాధన మొదలవుతుంది. సాక్షినని అబద్ధమాడితే మాత్రం మొదలవ్వవలసినది మొదలవ్వకుండానే ఆగిపోతుంది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.