తమాషా బొమ్మ, చేతిలో కొడవలి

మన పిల్లల వాట్సాప్ స్టేటస్‌లు చూస్తున్నారా? సింహం బొమ్మ, సినిమా పాట, కొడవలి, కింద కులం పేరు. అడిగితే "ఊరికే తమాషాకి, మామా" అంటారు.

2019లో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడు, నెట్‌లో మీమ్‌గా తిరిగే ఓ మాట అనే బయలుదేరాడు. 2023 ఆగస్టులో మన పక్కనే, నాంగునేరిలో, బడి పిల్లలే తోటి విద్యార్థి ఇంట్లో చొరబడి అతన్నీ చెల్లెల్నీ కొడవళ్లతో నరికారు. కులపగ వాళ్లకు ఒక్కరోజులో పుట్టిందా?

తమాషా అంటే ఎవరూ అడ్డు చెప్పరు. అదే దాని బలం. నూరుసార్లు నవ్విన మాట నూటొకటోసారి న్యాయమనిపిస్తుంది.

1895లో ఊరేగింపు గొడవలో ప్రాణాలు పోయిన కళుగుమలై మనది. మన గ్రూపులో అలాంటి బొమ్మ వస్తే నవ్వు గుర్తు పెట్టకండి. పంపినవాణ్ణి పిలిచి, కూర్చోబెట్టి మాట్లాడండి. మనవాడైతే ముందుగా.